చిన్నరైలు దుంగలు

పది రోజులుగా ముందు చక్రం కీచుమంటోంది.
వంశధార వంతెన దగ్గర బ్రేకు తొక్కితే
పలక మీద ఎవరో మేకుతో గీసినట్టు.
ఆదివారం గుణుపురంలో మెకానిక్కు దొరకడు.
"దొరికినా ఏటి, నాను సెయ్యలేనా?"
లుంగీ ఎగ్గట్టాడు తవిటినాయుడు.
ఒక చేతిలో సీసా జాకీ,
చంకలో రెండు సిమెంటు ఇటుకలు, బోలువి.

కొబ్బరి తురుముతూ ఆ ఇటుకల్నే చూశాను.
బోలు ఇటుక మోస్తుంది, మోస్తుంది,
ఒక్కసారిగా పిండైపోతుంది.
ముందుగా చెప్పే అలవాటు దానికి లేదు.

గోడ అవతల నుంచి అరఖిత మహారణ తల లేచింది.
"టికే రహ, నాయుడు బాబూ, టికే రహ."
కాసేపటికి భుజాన ఒకటి, చంకన ఒకటి,
నాలుగు విడతలుగా తెచ్చాడు
మూరెడేసి కోసిన స్లీపరు ముక్కలు.
పర్లాకిమిడి చిన్నరైలు పట్టాలు పీకిన ఏడు
వాళ్ల నాన్న వేలంలో కొన్నాడట.
ఇంత కాలం గోడవార ఊరికే ఉన్నాయి.
ముట్టుకుంటే ఇంకా తారు వాసన,
మేకు కన్నాల్లో తుప్పు,
జీడిపిక్కల బస్తాలూ పెళ్లివారి ట్రంకు పెట్టెలూ
తమ మీంచి పోయినా కిక్కురుమనని కట్టె.

"ముందు నేల చూడు" అన్నాడు.
మా వాకిలి కాలవ వైపు జారుగా ఉంటుంది.
బండిని గచ్చు మీదకి తోశాం,
నా వడియాల చాప ఎత్తేయాల్సొచ్చింది.
చేతి బ్రేకు లాగు. గేర్లో పెట్టు.
వెనక చక్రాలకి అడ్డేవి?
సన్నికల్లు ఒకదానికి, పొత్రం ఇంకోదానికి.
ఆ పూట మా ఇంట పచ్చడి లేదు.
నట్లు నేల మీదుండగానే వదులు చెయ్యి,
గాల్లో ఉన్న చక్రం మీద బలం చూపిస్తే
బండే దిగొచ్చి నీ బలం చూస్తుంది.
జాకీ నూనె తొట్టి కింద కాదు, అది ఉత్త రేకు,
ఆ అడ్డదూలం కింద, అద్దీ.

కొట్టాడు కడ్డీ. కొట్టాడు.
మంగలి కుర్చీలో గడ్డం ఎత్తిన పెద్దమనిషిలా
మా పాత మారుతి మెల్లగా మొహం ఎత్తింది.
అటో రెండు, ఇటో రెండు,
అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి దుంగలు పేర్చి
బండిని వాటి మీదకి దించారు.
జాకీ తియ్యకు, తాకీ తాకనట్టు ఉంచు.
"అయిపోయింది కదా" అని నడుం వాల్చబోతే
అరఖిత రెక్క పట్టుకున్నాడు.
తుంటితో బండిని ఒక పోటు పొడిచాడు,
ఇంకో పోటు.
"పడేదుంటే ఇప్పుడే పడాలి.
మనం బయటున్నప్పుడే."

పడలేదు.
విప్పిన చక్రం కూడా బండి కిందకే తోసి
అప్పుడు దూరాడు మా ఆయన.
బయటికి కాళ్లు మాత్రమే.
పందొమ్మిదేళ్ల కాపురంలో
ఆ మడమల పగుళ్లు నేనెప్పుడూ చూడలేదు.
కింద నుంచి రెంచీ మోత,
మధ్యమధ్య ఒక బూతు, ఒక పాట ముక్క.

టీ గ్లాసు అందించడానికి వంగినప్పుడు చూశాను.
జాకీ తలకీ దూలానికీ మధ్య
నాలుగు వేళ్ల సందు.
గచ్చు మీద రూపాయంత నూనె మరక.
ఎప్పుడు వదిలేసిందో తెలీదు,
చప్పుడు లేదు, బండి వెంట్రుక వాసి కదల్లేదు.
అరఖిత కూడా చూశాడు.
భుజమ్మీది గంఛా తీసి ఆ మరక తుడిచాడు.
కింద పాట ముక్క నడుస్తూనే ఉంది.

సాయంత్రం ఆటోస్టాండు వాళ్ల జాకీతో బండి దిగింది.
బ్రేకు ప్యాడ్ల ధర గురించి ఆయన
ఊరంతా వినేలా మాట్లాడుతున్నాడు.
పై దుంగ మీద బండి అంచు దిగిన గాడి.
వేలు పెట్టి చూశాను.
సరిపోయింది.

"ఆ ఇటుకలేటి సేద్దామే?"
కోళ్ల గూటికి, అన్నాను.